నీళ్ళు పోయనక్కరలేని మొక్క

మొన్న గురువారం ఉదయం ఆరూ పదికి కుళాయి వచ్చింది. నేను రెండో బిందె పెడుతుండగా పక్కింటావిడ పిట్టగోడ మీదుగా, తడిగుడ్డలో చుట్టిన కొమ్మముక్కలు రెండు మా ఆవిడకు అందించింది. మూరెడు పొడుగు, బొటనవేలంత లావు ఉన్నాయి. చెల్లెలి ఊరి నుంచి తెచ్చిందట.

“ఊదారంగు పువ్వండీ పిన్నిగారూ. ఏడాది పొడుగునా పూస్తుంది. ఊరికే మట్టిలో గుచ్చండి, చాలు. నీళ్ళు కూడా పోయనక్కరలేదు” అంది.

మా ఆవిడ నా వైపు చూసింది. బిందె నిండి పొర్లుతోంది. “అలాగేనమ్మా” అని ఆ ముక్కలు తీసుకుంది. పక్కింటావిడ లోపలికి వెళ్ళాక వాటిని డాబా మీదికి తీసుకెళ్ళి, మట్టి తగలకుండా, ఎండపడే చోట గచ్చు మీద పెట్టి వచ్చింది. ఆ ముక్కను విరిస్తే పాలు కారతాయని, లోపల బోలుగా ఉంటుందని, దాని పేరు లొట్టపీసు అని మా ఇద్దరికీ తెలుసు. దాన్ని మట్టి తగలకుండా ఎండబెట్టాలని మాకు నేర్పిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది.

డెబ్బైల మధ్యలో మేము భవానీపురంలో ఆయన ఇంటి వెనకవాటాలో అద్దెకుండేవాళ్ళం. నేను స్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. పెళ్ళయి ఏడాది. ఆయన్ని బాబాయిగారు అనీ, ఆయన భార్యను పిన్నిగారు అనీ పిలిచేవాళ్ళం. ఆయన నన్ను “అబ్బాయ్” అనేవారు, మా ఆవిడను “అమ్మాయ్” అనేవారు. ఇక్కడ ఆయన పేరు రాయడం లేదు. రాస్తే ఉయ్యూరు వైపు కొన్ని ఊళ్ళలో నవ్వేవాళ్ళు ఇంకా ఉంటారు.

వాటాలో దిగిన వారానికి మా ఆవిడ కాలువ నుంచి ఒక మొక్క తెచ్చి రేకు బకెట్‌లో నీళ్ళు పోసి వదిలింది. ఆమె పుట్టింది మెట్ట ఊళ్ళో. అక్కడ కాలువలు లేవు. ఉబ్బిన కాడలు, ఊదా పువ్వుల గుత్తి, పై రేకు మీద పసుపు మచ్చ ఉన్న ఆ గుర్రపుడెక్కను ఆమె అంతకు ముందు దగ్గరగా చూడలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి బాబాయిగారు బకెట్ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు.

“ఎక్కడిదమ్మాయ్ ఇది?”

“కాలవలోదండీ బాబాయిగారూ. పువ్వు చూడండి ఎంత బాగుందో.”

“బాగుంటుందమ్మా. బాగుండకపోతే ఎవరు తెచ్చుకుంటారు?”

“బకెట్లోనే కదండీ ఉండేది?”

“ఇవాళ బకెట్లో ఉంటుంది. ఒకటి నాలుగవుద్ది. నాలుగు పదహారవుద్ది. బకెట్ నిండాక ఏం చేస్తావ్? చంపబుద్ధి కాదు. తీసుకెళ్ళి ఎక్కడో నీళ్ళున్న చోట వదిలొస్తావ్. అంతేనా?”

మా ఆవిడ అంతే చేసి ఉండేది.

“ఏ మొక్కయినా సరే, ముందు చంపడం ఎట్లాగో తెలుసుకో. తర్వాత నాటు” అన్నారు. గొంతులో కోపం లేదు. ఒకే మాట చాలామందికి చెప్పి అలిసిన మనిషి గొంతు అది. “తీసేదా?” అని అడిగి, ఆమె తల ఊపేదాకా ఆగారు. పువ్వు గుత్తిని తుంచి ఆమె చేతికిచ్చారు. “గ్లాసులో పెట్టుకో. రేపటిదాకా ఉంటుంది.” మిగిలింది డాబా మీద మూడు రోజులు ఎండి, నాలుగో రోజు వేన్నీళ్ళ పొయ్యిలోకి వెళ్ళింది.

వంటింట్లోంచి పిన్నిగారు అన్నారు: “వచ్చిన వారానికే అద్దెకున్నవాళ్ళ బకెట్లు సోదా చేస్తే మనింట్లో ఎవరుంటారండీ?” తర్వాత మా ఆవిడతో, “పెళ్ళిచూపులకొచ్చి ఈయన నా మొహం చూళ్ళేదమ్మా. పెరట్లోకి వెళ్ళొచ్చి, తుంగ ఎక్కువుందండీ అని మా నాన్నతో చెప్పాడు.”

“ఉంది మరి” అన్నారాయన.

ఆయనకు జానెడున్నర పొడుగున్న చిన్న గునపం ఒకటి ఉండేది. పిడికి పాత ధోవతి గుడ్డ చుట్టి ఉండేది. పొద్దున్నే భుజాన సంచీ, అందులో గునపం, మూత ఉన్న డాల్డా డబ్బా పెట్టుకుని బయల్దేరేవారు. డబ్బా తుంగగడ్డల కోసం. ఎవరైనా పెరట్లో తుంగను పట్టి పీకుతూ కనిపిస్తే గేటు దగ్గర నిలబడిపోయేవారు.

“పీకమాకండి. తవ్వండి. పీకితే దానికి జుట్టు కత్తిరించినట్టే. కింద గడ్డ ఉంటుంది, గడ్డ కింద దారం, దారం చివర ఇంకో గడ్డ. ఆ చివరిది కూడా రావాలి.”

అడగకుండా ఎవరి పెరట్లోనూ ఒక్క ఆకు కూడా తుంచేవారు కాదు. అందువల్లే చిరాకు పుట్టించేవారు. పీకేసి వెళ్ళిపోతే ఒకసారి తిట్టి మరిచిపోవచ్చు. ఆయన అడిగేవారు. కాదంటే వెళ్ళి, మళ్ళీ వారం వచ్చి అడిగేవారు. మా వీధి చివర ఇంట్లో ప్రహరీ పొడుగునా అత్తాకోడళ్ళ పువ్వు కంచె ఉండేది. ఒకే గుత్తిలో పసుపూ గులాబీ రంగూ కలిసి పూసే ముళ్ళ పొద. ఆ ఇంటాయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఈయన్ని దూరం నుంచి చూడగానే లోపలికి కేకేసేవాడు: “ఏమేవ్, మొక్కల పోలీసొస్తున్నాడు. నేను ఊళ్ళో లేనని చెప్పు.” అది వినపడేంత దూరంలోనే ఈయన ఉండేవారు. వినపడనట్టే గేటు దగ్గరికి వచ్చి, “పిట్టలు ఆ పళ్ళు తిని ఎక్కడెక్కడో వేస్తాయండీ. మీ ఇంటితో పోదు” అని చెప్పి వెళ్ళేవారు.

వానాకాలం మొదట్లో ఆయనకు వన్ టౌన్‌లో పని ఉండేది. పని అని ఆయన అనేవారు. గోడౌన్ల వెనక గోధుమ బస్తాలు దులిపే చోట తొలకరికి ఏం మొలిచిందో చూడటం ఆ పని. ఒకసారి నన్నూ తీసుకెళ్ళారు. తోపుడు బళ్ళ మధ్య నుంచి, మిరపకాయల ఘాటుకు తుమ్ముకుంటూ వెళ్ళాం. వెనకసందులో హమాలీలు చుట్టలు కాలుస్తూ కూర్చున్నారు. ఆయన్ని ఎరుగుదురు.

“ఏం పెద్దాయనా, గోధుమలేరుకోడానికొచ్చావా?” అన్నాడొకడు.

“మీరు దించని సరుకు కూడా ఏదో వచ్చింది కదరా, అది చూద్దామని.”

గోడ మొదట్లో ఆకులు చీలికలు చీలికలుగా ఉన్న మొక్కలు పదో పన్నెండో ఉన్నాయి. పూత ఇంకా రాలేదు. వయ్యారిభామ, దిగుమతి గోధుమలతో పాటు దిగిన కలుపు. తెల్లటి చిన్న పూలు వచ్చాక సన్మానాలకు కట్టే పూలగుత్తుల్లో అందం కోసం దాన్ని పెట్టడం నేను చూశాను. ఆయన వంగి ఒక్కొక్కదాన్ని వేరుతో తీశారు. ముంజేతుల మీద ఎర్రటి దద్దుర్లు అప్పటికే ఉన్నాయి. డాక్టరు దాన్ని ముట్టుకోవద్దన్నాడు. చేతులకు గుడ్డ చుట్టుకోమని పిన్నిగారు ఇచ్చిన తువ్వాలు మొక్కలు మూటకట్టడానికి వాడారు.

“ఈ పది తీస్తే ఏం లాభమండీ? పట్టాల పొడుగునా ఉంది” అన్నాను తిరిగొస్తూ.

“లాభం లేదు” అన్నారు.

మొక్కల మూటను రెండో చంకలోకి మార్చుకున్నారు.

ఇంత పట్టింపు ఎందుకని నేను పిన్నిగారిని అడిగాను. ఆవిడ చాటలో బియ్యం ఏరుతున్నారు. తలెత్తకుండానే, “ఎండాకాలం కాలవలు కట్టేశాక ఆయనతో పాటు ఉయ్యూరు అవతలికి వెళ్ళండి. సువార్తమ్మ చెబుతుంది” అన్నారు.

ఆయన చాలా ఏళ్ళు ఆ చుట్టుపక్కల గ్రామసేవకుడిగా చేశారు. సైకిల్ మీద ఊరూరూ తిరిగి రైతులకు కొత్త విత్తనం, కొత్త ఎరువు, కొత్త పద్ధతి చెప్పే ఉద్యోగం. రిటైరయ్యాక కూడా ఏటా ఎండాకాలం కాలువలకు నీళ్ళు ఆపిన రోజున సంచీ సర్దుకుని వెళ్ళేవారు. నీళ్ళు వదిలే లోపల తిరిగొచ్చేవారు. నెలలో సగం అక్కడే, తెలిసినవాళ్ళ అరుగు మీద పడుకుని. నాకు తెలిసింది అంతే. స్కూలుకు సెలవులిచ్చాక నేను ఆయన వెంట బయల్దేరాను.

ఉయ్యూరులో బస్సు దిగి కాలువ గట్టు మీద రెండు మైళ్ళు నడిచాం. కాలువలో అడుగున బురద నెర్రెలిచ్చింది. నత్తగుల్లలు కాళ్ళ కింద పగులుతున్నాయి. ఊరి చివర మురుగు కాలువ గట్టును ఆనుకుని ఒక తాటాకిల్లు ఉంది. తలుపు మీద సున్నంతో వేసిన శిలువ గుర్తు. ఇంటి చుట్టూ, గట్టు పొడుగునా మనిషెత్తు పొదలు. లొట్ట కాడలు, పొడుగాటి ఆకులు, గ్రామఫోను బూరా లాంటి లేత ఊదా పూలు. ఎండలో ఊరంతా మాడి ఉంటే అదొక్కటే పచ్చగా ఉంది.

గుమ్మంలో కూర్చుని చేట అల్లుతున్న యాభై ఏళ్ళ ఆవిడ లేచి కొంగు సర్దుకుంది.

“వచ్చారా బాబుగారూ. ఈ ఏడు రారేమో అనుకున్నా. మీ మొక్కలు మిమ్మల్నే అడుగుతున్నాయి.”

“నీ నోరు తగ్గలేదు సువార్తమ్మా.”

“మేకలు లేవుగా మాట్టాడ్డానికి. ఇంక మీతోనే మాట్టాడాల.”

ఆయన నన్ను స్కూలు మేస్టారని చెప్పి, చొక్కా విప్పి పందిరి గుంజకు తగిలించి, పెద్ద గునపం అడిగి తీసుకుని గట్టెక్కారు. నేను పార పట్టుకున్నాను. ఆమె నీడలో నిలబడి నాతో అంది, ఆయనకు వినపడేట్టు:

“అడగండి మేస్టారూ, ఈ కంచె ఎవరేశారో.”

“నేనే వేశా” అన్నారాయన, తవ్వుతూనే.

“ఎవరన్నా ఎయ్యమన్నారా?”

“ఎవరూ అనలేదు. నేనే తెచ్చా.”

“ఏమని చెప్పారు నాకు?”

“మేక ముట్టదని చెప్పా. నీళ్ళు పోయనక్కరలేదని చెప్పా.”

ఆమె వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిపెట్టింది. తర్వాత నాకు అర్థమైంది, ఇది ఏటా మొదటిరోజు వాళ్ళిద్దరి మధ్య జరిగేదేనని. ఆమె అడుగుతుంది, ఆయన చెబుతారు. ఒక్క మాట తగ్గదు, పెరగదు.

జరిగింది ఇది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన వేరే జిల్లాలో రోడ్డు పక్కన ఈ మొక్కను చూశారు. చుట్టూ ఏమీ లేని చోట అది పచ్చగా ఉంది. పశువులు దాని పక్క నుంచే పోతున్నాయి, నోరు పెట్టడం లేదు. కంచెకు బాగుంటుందనిపించి ఒక కట్ట కొమ్మలు కోసి బస్సు టాపు మీద వేయించి తెచ్చారు. మొదట సువార్తమ్మ ఇంటి చుట్టూ గుచ్చారు. ఆమెకు మొగుడు లేడు, ఒక్కతే కూతురు. ఆమె వేసుకున్న ఆనప పాదులు ఊళ్ళో పశువులు మేసి పోతుంటే ఆయన చూడలేకపోయారు. రెండు వానలకు కంచె లేచింది. పాదులు మిగిలాయి. ఊరంతా వచ్చి చూసి మాకూ కావాలన్నారు. ఆయన సైకిల్ క్యారేజీకి కట్టలు కట్టి పక్క ఊళ్ళకు కూడా మోశారు. విరిగి నీళ్ళలో పడ్డ ప్రతి ముక్కా ఎక్కడ గట్టు తగిలితే అక్కడ వేళ్ళు పెట్టింది. పొలాల బోదెల్లో, మురుగు కాలువల్లో, చేపల గుంటల్లో. కొన్నాళ్ళకు ఆ ఊళ్ళలో ఆయన్ని లొట్టపీసు బాబుగారు అనడం మొదలుపెట్టారు. మొదట మెచ్చుకోలుగానే అన్నారు.

“నాకు ఏడు మేకలుండేయి మేస్టారూ” అంది సువార్తమ్మ. సాయంత్రం మేము కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పింది. “మా పిల్లని నర్సు ట్రెయినింగుకి పంపుదామని. మిషన్ ఆస్పత్రిలో సీటు కూడా రాయించారు పాస్టరుగారు. ఆ మేకలే దాని సదువు. ఒక ఎండాకాలం ఎక్కడా పచ్చగడ్డి లేదు. ఈ కంచొక్కటే పచ్చగుంది. ఒక మేక కొరికింది. ఈయన ముట్టదన్నారు గదా అని నేను చూళ్ళేదు. తర్వాత రోజు ఇంకోటి. ఇంక అయ్యి వేరే ఏం పెట్టినా తినలా. కల్లుకి మరిగినోళ్ళల్లే పొద్దున్నే కంచె కాడికి పోయేయి. తలకాయలు ఊపుకుంటా, కాళ్ళు తడబడతా. నెలన్నరలో ఏడూ పోయినియ్యి.”

“అమ్మాయి?”

“ఊడ్పులకి పోతంది, గుడివాడ అవతల. ఇద్దరు పిల్లలు.”

బాబాయిగారు తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంటున్నారు. ఆయన విననట్టు లేరు, విన్నట్టూ లేరు.

మేకలు చచ్చిన ఏడాదే ఆయన రెండు మేకల్ని తోలుకుని ఆమె ఇంటికి వెళ్ళారట. ఆమె తీసుకోలేదు. “ఈ కంప ఉన్నన్నాళ్ళూ నా గుమ్మంలో మేకను కట్టను. ఒక్క వానాకాలం ఈ గట్టు మీద చిగురు రాకుండా చూపెట్టండి, అప్పుడు తెండి” అంది. ఆయన సరేనన్నారు. అప్పటినుంచి ప్రతి ఎండాకాలం తవ్వుతున్నారు. ప్రతి వానాకాలం చిగురు వస్తూనే ఉంది.

తవ్వడంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. మొదలు నరకడం కాదు, వేరు మొత్తం రావాలి. నరికిన కొమ్మను గట్టు మీద పడేయకూడదు. కణుపు ఒక్కటి తడిమట్టికి తగిలితే చాలు, మళ్ళీ లేస్తుంది. కట్టలు కట్టి, రెండు పొలాల అవతల ఎండకు కాలుతున్న కళ్ళానికి మోసుకెళ్ళి, అక్కడ పరిచి, గలగలమనేదాకా ఎండబెట్టి తగలబెట్టాలి. తవ్వడం కంటే మోయడం కష్టం. నేను రెండు ఎండాకాలాలు ఆయన వెంట మోశాను. రెండో ఏడు వానల్లో గట్టు మీద ఇరవై మోళ్ళు మాత్రమే చిగిర్చాయి. ఆయన ఆ వార్త కార్డు మీద తెలుసుకుని, కార్డును చొక్కా జేబులో చాలా రోజులు పెట్టుకు తిరిగారు.

మూడో ఏడు ఆయనకు ఆయాసం పట్టుకుంది. చేతుల మీద చర్మం పగిలి నీరు కారేది. కాలువలు కట్టేస్తున్నారని పేపర్లో చూసి సంచీ సర్దుకున్నారు. పిన్నిగారు గునపం తీసి బియ్యం డబ్బాలో దాచారు.

“బియ్యం డబ్బాలో ఉంది కదూ?” అన్నారాయన సాయంత్రం.

“ఉంటే ఉంది. నా చేతుల్లోంచే తీసుకెళ్ళాలి.”

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. నన్ను పిలిచారు. “ఈసారి నువ్వు వెళ్తావా అబ్బాయ్? ఇరవై మోళ్ళే. అవి పోతే అయిపోయినట్టే.”

వెళ్ళాను. సువార్తమ్మ ఇంట్లో లేదు, కూతురి పురుటికి వెళ్ళింది. గట్టు మీద ఉన్నవి ఇరవై కాదు. ఎగువ నుంచి కొట్టుకొచ్చినవి ఇంకో అరవై వేళ్ళూనాయి. పది రోజుల పని. పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ అయిదో రోజున ఉంది. మొదటి మూడు రోజులు వేళ్ళతో సహా తవ్వి కళ్ళానికి మోశాను. నాలుగో రోజు అలిసిపోయాను. మిగిలిన వాటిని మొదలంటా నరికి, మోళ్ళ మీద మట్టి కప్పాను. కొమ్మల్ని గట్టు మీదే కుప్ప పోశాను. ఎండలు మండుతున్నాయి, ఎండిపోతాయిలే అనుకున్నాను. ఒక్కణ్ణే ఉన్నాను, చూసేవాళ్ళెవరూ లేరు.

ఇంటికొచ్చాక ఆయన అడిగారు. “వేళ్ళన్నీ వచ్చాయా?”

“వచ్చాయండీ.”

“కొమ్మలు కళ్ళానికి మోశావా?”

“మోశానండీ బాబాయిగారూ.”

“అయితే అయిపోయిందంటావ్.”

“అయిపోయిందండీ.”

“ఏదీ, చేతులు చూపించు.”

చూపించాను. అరచేతుల్లో బొబ్బలు ఎర్రగా, మెత్తగా ఉన్నాయి. ఆయన బొటనవేలితో ఒక్కొక్కదాన్నే తడిమారు. వెన్న రాసుకోమన్నారు. అంతే.

ఆ నెలాఖర్లో, సువార్తమ్మ కూతురి దగ్గర్నుంచి తిరిగొచ్చిందని కబురు తెలిశాక, వానాకాలం గడిచేదాకా ఆగకుండా, ఉయ్యూరులో తెలిసినవాళ్ళ చేత రెండు మేకల్ని కొనిపించి ఆమెకు పంపారు. గట్టు శుభ్రమైందని, ఇచ్చిన మాట ప్రకారం పంపుతున్నానని చెప్పించారు. అప్పటికే నీళ్ళు వదిలారు. వారం తిరక్కుండా వానలు పట్టుకున్నాయి.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం సువార్తమ్మ భవానీపురం వచ్చింది. సంచీలో రెండు ఆనపకాయలు. గేటు తీసింది నేనే. ఆమె లోపలికి రాకుండా నన్ను గోడ పక్కకు పిలిచింది.

“మేస్టారూ, గట్టు మీద కుప్ప మీరు పోసిందేనా?”

నేను గేటు దగ్గరగా వేశాను.

“కుప్పకి కుప్పా ఏళ్ళూనింది. మోళ్ళు చిగురేసినియ్యి. ముందుకన్నా ఎక్కువే.” ఆమె గొంతు లేవలేదు. “బాబుగారికి తెలుసా?”

“తెలియదు. నేను చెప్పలేదు.”

“సెప్పమాకండి.” చెంగుతో మొహం తుడుచుకుని, నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది.

ఆయన మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నారు. పడుకుంటే ఊపిరాడేది కాదు. ఆమె గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది.

“గట్టు ఎట్లా ఉంది సువార్తమ్మా?”

“గుండు కొట్టినట్టుంది బాబుగారూ. ఒక్క సిగురు లేదు.”

“మేకలు?”

“బానే తింటన్నాయి. ఒకటి సూడిది గూడాను.”

ఆయన దిండు మీంచి తల ఎత్తారు. “మరి ఈ ఏడు అడగవేంటి?”

“ఏందండీ?”

“కంచె ఎవరేశారని.”

“ఇంకెందుకండీ అడగటం. మేకలొచ్చేసినియ్యిగా.”

పిన్నిగారు కాఫీ తెచ్చారు. ఆమె తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వెళ్ళొస్తానని లేచింది. గుమ్మం దాటుతుండగా ఆయన పిలిచారు.

“సువార్తమ్మా. మేకల్ని వదలమాకు. తాడు పొట్టిగా కట్టు.”

ఆమె అక్కడే ఆగింది. వెనక్కి తిరిగి ఆయన మొహం చూసింది. నేను నేల వైపు చూశాను.

“అట్టాగే బాబుగారూ” అంది.

ఆయన కార్తీకంలో పోయారు. నేను చేసింది ఆయనకు చెప్పలేదు. ఆ తాడు మాట గుర్తొచ్చి, చెప్పాల్సిన అవసరం లేదని తర్వాత అనుకున్నాను. ఆ అనుకోవడం వల్ల నాకేమీ తేలిక కాలేదు.

మరుసటి ఎండాకాలం కాలువలు కట్టేసిన రోజున పిన్నిగారు బియ్యం డబ్బాలోంచి గునపం తీసి నాకిచ్చారు. వెళ్ళాను. ఈసారి పదిహేను రోజులున్నాను. ప్రతి కొమ్మా కళ్ళానికి మోశాను. సువార్తమ్మ మొదటిరోజు నన్నేమీ అడగలేదు. అడిగితే బాగుండేది. మేకలు గుంజకు పొట్టి తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. ఆమె పొలం గట్ల మీద గడ్డి కోసి మోసుకొచ్చి వాటి ముందు వేసేది. ఆమె బతికినన్నాళ్ళూ అలాగే మేపింది. వాటిలో ఒక్కటి కూడా కంచె ముట్టలేదు. వాటి పిల్లల పిల్లల్ని అమ్మి, మనవరాలిని నర్సు ట్రెయినింగులో చేర్చింది.

నేను అయిదు ఎండాకాలాలు వెళ్ళాను. తర్వాత బదిలీ అయింది. ఆ తర్వాత నడుం నొప్పి. సువార్తమ్మ పోయాక ఆ తాటాకిల్లు పడిపోయిందని విన్నాను.

డాబా మీది కొమ్మముక్కల్ని ఇవాళ పొద్దున చూసి వచ్చాను. పై తోలు ముడతలు పడింది. గోటితో గీరితే లోపల ఇంకా పచ్చగానే ఉంది. మరో నాలుగు రోజులు పడుతుంది. పక్కింటావిడ అడిగితే చచ్చిపోయాయని చెబుతానంటోంది మా ఆవిడ. వాళ్ళ పెరట్లో ఎన్ని గుచ్చిందో అడగాలి. గేటు దగ్గర నిలబడి ఎలా అడగాలో ఆలోచిస్తున్నాను.

కాలువలు కట్టేస్తున్నారన్న వార్త ఏటా పేపర్లో వస్తుంది. చదివి పక్కన పెడతాను. ఉయ్యూరు అవతల ఆ గట్టు మీద ఇప్పుడు ఎవరూ తవ్వడం లేదు.